బాప్తిస్మ సిద్ధపాటు తరగతులు: నాలుగు వారాల అనుభవం

పసితనంలో తలపై నీళ్లు చిలకరించి నాకు బాప్తిస్మం ఇచ్చారు. చాలా ఏళ్ల తరువాత, నీటిలో ముంచి ఇచ్చేదే సరైన బాప్తిస్మమని నమ్మే ఒక సంఘం నడిపే నాలుగు వారాల సిద్ధపాటు తరగతులకు వెళ్లాను; మళ్లీ తీసుకోవాలన్న నిర్ణయంతో కాదు, తీసుకోవాలా వద్దా అన్న సందేహంతోనే.

ఈ తరగతుల్లో మేలైనవి మొదటి రెండు వారాలు. బైబిలులోని రోమీయులకు వ్రాసిన పత్రిక 6వ అధ్యాయాన్ని ముందుంచుకొని, నీటిలో మునగడం క్రీస్తుతో కూడ పాతిపెట్టబడడానికీ, పైకి లేవడం ఆయన పునరుత్థానంలో పాలుపొందడానికీ ఎలా గురుతవుతాయో బోధకుడు ఏ తొందరా లేకుండా వివరించారు. బాప్తిస్మమంటే అప్పటికే కలిగిన విశ్వాసాన్ని పదిమంది ఎదుట ఒప్పుకోవడమన్న తమ సంఘపు నమ్మకంతో ఆగిపోక, కథోలిక, ఆర్థడాక్స్ సంఘాలు దానిని దేవుని కృప నిజంగా పనిచేసే సంస్కారంగా ఎంచుతాయని, ఎక్కడా వెటకారం లేకుండా చెప్పారు. ఆ మర్యాద నాకెంతో నచ్చింది.

మూడో వారం పద్ధతుల విషయానికి వచ్చేసరికి ఆ ఓపిక కనిపించలేదు. గ్రీకు క్రియ 'బాప్టిజో'కు ముంచడమని అర్థం గనుక, పోయడం, చిలకరించడం తరువాతివారు సౌకర్యం కోసం చేర్చుకున్నవేనని తేల్చేశారు. ఆ మాటకు ప్రధానార్థం ముంచడమే, కాదనను. అయితే లూకా 11:38లో భోజనానికి ముందు శుద్ధి చేసుకోవడానికీ అదే క్రియ వాడారు. అంతకన్నా ముఖ్యంగా, తొలినాటి క్రైస్తవుల ఆచారాలను తెలిపే 'డిడాకే' గ్రంథం పారే నీటిలో బాప్తిస్మం ఇమ్మని, అది దొరకకపోతే వేరే నీటిలో ఇమ్మని, అదీ చాలినంత లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో తలపై మూడుసార్లు నీళ్లు పోయమని చెబుతుంది. 3వ శతాబ్దంలో కార్తేజు బిషప్పు సిప్రియన్, మంచంపట్టినవారికి చిలకరించి ఇచ్చిన బాప్తిస్మం చెల్లుతుందని వాదించారు. వీటిలో ఒక్కటీ తరగతిలో ప్రస్తావనకు రాలేదు.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో బాప్తిస్మం పొందిన చెరసాల నాయకుని ఇంటివారందరిలో పసివారు ఉన్నారో లేదో వచనం చెప్పదని బోధకుడు నిజాయితీగా ఒప్పుకున్నారు. కానీ నా శిశు బాప్తిస్మం మాటేమిటని అడిగితే, అది బాప్తిస్మమే కాదని ఒక్క వాక్యంలో ముగించారు. 1525లో జ్యూరిక్‌లో పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నవారి గురించి, ఆ ఉద్యమంలో ఉన్నందుకు 1527లో ఫెలిక్స్ మాంజ్‌ను నదిలో ముంచి చంపడం గురించి చెప్పి ఉంటే, మనుషులు ప్రాణాలొడ్డిన ప్రశ్న అదని కొత్తవారికి తెలిసేది.

నాలుగో వారం తొట్టి దగ్గర అభ్యాసం. చేతులు గుండెపై కట్టుకోవడం, ముక్కుకు గుడ్డ అడ్డుపెట్టుకోవడం, వెనక్కి వాలేటప్పుడు మోకాళ్లు కాస్త వంచడం, తడిస్తే ఒంటికి అంటుకోని మందపాటి బట్టలు తెచ్చుకోవడం, అన్నీ చక్కగా నేర్పారు. తొట్టి మెట్లకు పట్టుకోవడానికి కమ్మీ మాత్రం లేదు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేని ఒక పెద్దావిడ తన సంగతి ఏమిటని అడిగితే, ప్రార్థన చేద్దామన్నారే తప్ప నీళ్లు పోసి ఇస్తామనలేదు.

అర్థం తెలుసుకోవడానికి వెళ్లేవారికి ఈ తరగతులను సందేహించకుండా సూచిస్తాను. అయిదుకు మూడున్నర ఇస్తాను. తొట్టిలో దిగేవారి పట్టికలో నా పేరు ఇంకా ఇవ్వలేదు.