మకావ్ ముక్కుకి తట్టుకున్న బొమ్మలు, తట్టుకోనివి

మా ఇంట్లో రెండు పెద్ద చిలుక జాతి పక్షులున్నాయి. నీలం, పసుపు రంగుల మకావ్ పేరు నీలు. తెల్ల కాకటూ పేరు మల్లె. ఏళ్ల తరబడి వీటికి బొమ్మలు కొంటూ, కొన్ని ఇంట్లోనే చేస్తూ వస్తున్నాను. అట్ట మీద ‘పెద్ద చిలుకల కోసం’ అని రాసి ఉన్న బొమ్మల్లో చాలావాటి ఆయుష్షు ఒక్క పూట. కొన్ని మాత్రం కొన్ననాటి నుంచి ఇప్పటిదాకా పంజరంలోనే ఉన్నాయి. అలా నిలిచిన వాటన్నిటిలో ఒక పోలిక ఉంది. పక్షి కొరికే భాగం మెత్తగా ఉంటుంది, పోతే మార్చుకోవచ్చు. దాన్ని పట్టి ఉంచే భాగం మాత్రం ఏ ముక్కుకీ లొంగదు. బొమ్మ కొనేముందు ఇప్పుడు నేను చూసేది ఇదొక్కటే.

పెద్ద చిలుకకి కొరకడం తిండి తినడమంత అవసరం. అడవిలో ఇవి ఎక్కువగా చెట్టు తొర్రల్లో గూడు పెడతాయి, తొర్ర ఇరుకైతే ముక్కుతో చెక్కి పెద్దది చేసుకుంటాయి. ఆ ముక్కు జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. పంజరంలో దానికి పని లేకపోతే చాలా పక్షులు తమ ఈకలే పీక్కోవడం మొదలుపెడతాయి. అమెరికాలోని డేవిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చిన్న వయసు అమెజాన్ చిలుకల మీద చేసిన అధ్యయనం 2003లో వచ్చింది. తిండి వెతుక్కునే ఏర్పాట్లు, ఎక్కడానికీ కొరకడానికీ వస్తువులు ఉన్న పంజరాల్లో ఈ అలవాటు బాగా తక్కువగా కనిపించింది. అప్పటికే పీక్కుంటున్న పక్షులకి అవే ఇస్తే అలవాటు తగ్గింది కూడా. అందుకే బొమ్మ విరిగితే నాకు బాధ లేదు. విరగడానికి పంజరంలో ఏమీ మిగలకపోతేనే టెన్షన్.

ఇన్నేళ్లలో కొన్నవాటిలో అన్నిటికంటే విలువైనది స్టెయిన్‌లెస్ స్టీల్ కడ్డీ. పైన వేలాడదీయడానికి కొక్కెం, కింద మర, దానికి పెద్ద నట్టు. అంతే. చెక్క ముక్కలు, కొబ్బరి చిప్పలు, అట్ట ముక్కలు ఒకదాని మీద ఒకటి గుచ్చి పంజరంలో వేలాడదీస్తాను. అన్నీ తుక్కయ్యాక కడ్డీ కడిగి మళ్లీ నింపుతాను. నీలు దాన్ని ఇన్నేళ్లుగా కొరుకుతూనే ఉన్నా మీద గీతలు తప్ప ఇంకేమీ పడలేదు.

కడ్డీకి చెక్క ఎలా గుచ్చాలన్నది మాత్రం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే తేడా అంతా అక్కడే ఉంది. చిలుక చెక్కని నమలదు, నార వెంట చీలుస్తుంది. ముక్కు పైభాగం కొనని చెక్క అంచులో దించి, కింది భాగంతో నొక్కి ఒక్క తిప్పు తిప్పుతుంది. పొడవాటి చీలిక ఊడి వస్తుంది. పలకకి అడ్డంగా, అంటే నారని కోస్తూ బెజ్జం వేస్తే ఒక్క చీలిక సరిగ్గా బెజ్జం మీదుగా వెళ్లగానే ముక్క రెండుగా విడిపోయి కింద పడుతుంది. అదే దిమ్మకి ఒక కొస నుంచి ఇంకో కొసకి, నార వెంటే బెజ్జం వేస్తే పక్షి చుట్టూ ఉన్న చెక్కని పొరలు పొరలుగా ఒలుస్తుంది కానీ మధ్యలోని భాగం చివరిదాకా కడ్డీనే పట్టుకుని ఉంటుంది. ఒకే పైన్ చెక్క, ఒకే సైజు, బెజ్జం దిశ ఒక్కటే మారింది. నీలు మొదటిదాన్ని గంటలో దించేస్తే రెండోది కొన్ని రోజులు నిలిచింది. ఇలా కొస నుంచి బెజ్జం వేయడం కష్టమే, డ్రిల్ పక్కకి పోతూ ఉంటుంది. దిమ్మని గట్టిగా బిగించి, ముందు సన్నటి బిట్‌తో దారి చేసి, తర్వాత లావు బిట్ వాడితే సరిగ్గా వస్తుంది.

మల్లె విషయంలో చెక్క సమస్య కాదు, నట్టు సమస్య. మామూలు నట్టుని నాలుకతో, ముక్కుతో తిప్పి విప్పేస్తుంది. కాకటూలకి ఇది కొత్తేమీ కాదు. గోఫిన్ అనే రకం కాకటూలకి వరసగా అయిదు తాళాలున్న పెట్టె ఇచ్చి చేసిన ప్రయోగం 2013లో ప్రచురితమైంది. ఒక మేకు తీసి, ఒక మర విప్పి, గొళ్లెం లాగి, చక్రం తిప్పి, చివరి గడియ పక్కకి జరిపితేనే లోపలి గింజ దక్కుతుంది. పిపిన్ అనే పక్షి ఎవరి సాయమూ లేకుండా రెండు గంటల లోపే తెరిచేసింది. కాబట్టి చేత్తో బిగించిన నట్టు మీద నమ్మకం పెట్టుకోకండి. స్పానర్‌తో బిగించండి, లోపల నైలాన్ రింగు ఉండే నట్టు దొరికితే అదే వాడండి. బొమ్మని పంజరం పైకప్పుకి తగిలించేటప్పుడు మర బిగించే వైపు బయటికి ఉండేలా చూసుకుంటే ఇంకా మంచిది.

లోహం దగ్గర బేరాలు వద్దు. పెద్ద చిలుక కొక్కేలనీ గొలుసులనీ నాకుతూ, గీకుతూ ఉంటుంది. జింకు పూత ఉన్న ఇనుప గొలుసు మీది పొర అలాగే కడుపులోకి పోతుంది. జింకు, సీసం రెండూ పక్షులకి విషమే. వాంతులు, నీరసం, అతిగా నీళ్లు తాగడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా పక్షుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. అయస్కాంతం పెట్టి చూసి ‘అంటుకోలేదు, కాబట్టి స్టెయిన్‌లెస్’ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. జింకు కూడా అయస్కాంతానికి అంటుకోదు. పోతపోసిన జింకు కొక్కెం ఆ పరీక్షలో హాయిగా గట్టెక్కేస్తుంది. నేను 304 లేదా 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అని స్పష్టంగా చెప్పి అమ్మే సామానే కొంటాను. గొలుసు పొట్టిగా, లంకెలన్నీ వెల్డింగ్ చేసి ఉండాలి, ఆ లంకెల్లో వేలు గానీ ముక్కు గానీ ఇరుక్కోకూడదు. కుక్క గొలుసుకి ఉండే స్ప్రింగ్ కొక్కేలు, తాళంచెవుల రింగులు మా పంజరంలోకి రానివ్వను. వాటిలో ముక్కు, నాలుక చిక్కుకునే ప్రమాదం ఉంది.

పారదర్శకంగా ఉండే తిండి చక్రం గురించి చాలామంది అడుగుతారు. లోపల గింజ వేస్తాం, పక్షి చక్రం తిప్పి గింజ కిందికి వచ్చేలా చేసుకుని తింటుంది. మొదట తెచ్చినది పల్చటి యాక్రిలిక్ ప్లాస్టిక్. నీలు అంచు కొరికితే పదునైన పెంకుల్లా విరిగింది, అదే రోజు తీసేశాను. తర్వాత తెచ్చినది దళసరి పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. గీతలు పడి మసకబారింది కానీ ఎక్కడా పగల్లేదు, ఇప్పటికీ రోజూ తిరుగుతూనే ఉంది. మధ్య బోల్టుని మాత్రం తరచూ బిగించాలి. బాగా మన్నే బొమ్మల్లో కడ్డీ తర్వాత స్థానం దీనిదే.

నూలు తాడు బొమ్మలంటే మల్లెకి ప్రాణం. అయినా నేను మానేశాను. పోగులు ఊడి వేళ్లకి చుట్టుకుంటాయి, మింగితే గొంతు కింద తిండి నిలవుండే మేత సంచిలో ఉండకట్టుకుంటాయి. రోజూ కత్తెర పట్టుకుని కూర్చోగలిగినవాళ్లు వాడుకోవచ్చు. వాటి బదులు నేను క్రోమియం వాడకుండా మొక్కల బెరడుతో పదును చేసిన తోలు పట్టీలు ముడివేసి ఇస్తున్నాను. ముడి విప్పడం మల్లెకి తాడు కొరకడం కంటే ఎక్కువ నచ్చింది. ఇక గంటలు: గుండ్రంగా ఉండి చీలిక ఉన్న మువ్వలు వద్దు, వేలు పడితే రాదు. నోరు తెరిచి ఉన్న గంట అయినా పక్షి దాని లోపలి నాలుకని పీకి మింగలేనంత గట్టిగా బిగించి ఉండాలి.

ఇంట్లో చేసుకునేవాళ్లకి చెక్క దగ్గర జాగ్రత్త. ప్లైవుడ్, రంగు వేసినవి, చెదలు పట్టకుండా మందు కొట్టినవి వద్దు. సరుకు దింపే ప్యాలెట్ల చెక్క దొరికితే మీద ముద్ర చూడండి. ‘హెచ్‌టీ’ అంటే వేడితో శుద్ధి చేసింది, చెక్క లోపలి భాగం 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు ఉంటుంది. ‘ఎంబీ’ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషపు మందు పొగ పెట్టింది, దాన్ని ముట్టుకోవద్దు. హెచ్‌టీ అయినా నూనె మరకలో, ఏవో వాసనలో ఉంటే నేను వదిలేస్తాను. మా అమ్మాయి మేకులన్నీ పీకి, గరుకు కాగితంతో అంచులు రుద్ది ఇస్తుంది, నేను బెజ్జాలు వేస్తాను.

బాగా గట్టి చెక్క వాడితే ఎక్కువ కాలం వస్తుంది కదా అని ఎవరైనా అడిగితే నా జవాబు వద్దనే. గట్టి చెక్క దిమ్మని నీలు ఒకటి రెండుసార్లు కొరికి వదిలేసింది. అది పంజరంలో నెలల తరబడి చెక్కుచెదరకుండా వేలాడింది, ఎవరికీ పనికిరాకుండా. చిలుక కూర్చునే కొమ్మలా వాడుకోవడానికైతే అదే చెక్క అద్భుతం.

ఆఫ్రికన్ గ్రే రకం చిలుక ఉన్నవాళ్లకి ఒక మాట. అది కొత్త వస్తువు చూసి బెదిరే రకం. నింపిన కడ్డీని నేరుగా లోపల పెట్టకుండా ముందు పంజరానికి దూరంగా, కనిపించే చోట ఉంచండి. దాని ముందే మీరు ఆ చెక్క ముక్కల్ని పట్టుకుని ఆడండి. మెడ సాచి చూడటం మొదలుపెట్టాక లోపల వేలాడదీయండి, అదీ అది కూర్చునే చోటికి కాస్త ఎడంగా.