తెషిమా ద్వీపం: చూడండి, రాత్రి మాత్రం ఉండకండి

జపాన్‌లోని తెషిమాకు వెళ్లండి, కానీ అక్కడ బస చేయకండి. రాత్రి భోజనంతో కలిపి మనిషికి 8,800 యెన్లకు గది తీసుకున్నాం. మేమింకా బూట్లు విప్పుతుండగానే యజమాని "ఈరోజు వంట లేదు" అన్నాడు. భోజనం డబ్బు తగ్గించమంటే నవ్వి లోపలికి వెళ్లిపోయాడు. దుకాణాలు అప్పటికే మూసేశారు. ముగ్గురం ఒక బిస్కెట్ పొట్లంతో సరిపెట్టుకున్నాం. ఆర్కిటెక్ట్ అయిన మా బావమరిదికి ఆ కోపం మర్నాడు మ్యూజియం గుమ్మం దాకా తగ్గలేదు.

లోపల అడుగుపెట్టాక ఇక నోరు మెదపలేదు. 2010లో తెరిచిన ఈ తెషిమా ఆర్ట్ మ్యూజియం ర్యూయే నిషిజావా రూపకల్పన. మట్టిని దిబ్బగా పోసి, దానిపై కాంక్రీటు పరిచి, గట్టిపడ్డాక మట్టిని తోడేశారట. సుమారు 40 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు ఉన్నా ఒక్క స్తంభమూ లేదు. కప్పులోని రెండు పెద్ద ఖాళీల నుంచి గాలీ వానా నేరుగా లోపలికి వస్తాయి. రెయ్ నైతో అనే కళాకారిణి చేసిన కళాకృతిగా నేలలోంచి నీటిబొట్లు ఊరుతుంటాయి. చుట్టూ బీడుపడిన మెట్ల పొలాలను ఊరివాళ్లతో కలిసి మళ్లీ సాగులోకి తెచ్చారు. అప్పట్లో మేమిచ్చిన 1,570 యెన్ల టికెట్టులో సగం విలువ ఆ పొలాలను చూడటంతోనే దక్కిందనిపించింది.

ఇదే ద్వీపంలో ఫ్రెంచ్ కళాకారుడు బోల్తాన్‌స్కీ, లోకం నలుమూలల మనుషుల గుండెచప్పుళ్లను రికార్డు చేసి దాచిన భాండాగారం నాకు నచ్చలేదు. లోకంలోని గుండెలన్నీ ఉన్నాయి సరే, ఈ ఊరి సంగతి ఏది?

ఆ సంగతి పారిశ్రామిక చెత్త పోసిన చోట, పాత కట్టడంలో ఉంది. ఒక కంపెనీ ఏళ్ల తరబడి ఇక్కడ విషపు చెత్త పోసింది. 1990లో పోలీసులు దాడి చేశారు. 2000లో రాజీ కుదిరి, గవర్నరు ఊరివాళ్లకు క్షమాపణ చెప్పాడు. సుమారు 9 లక్షల టన్నుల చెత్తను పక్కనున్న నావోషిమాకు తరలించడం 2017 దాకా సాగింది. ఆ చెత్త పొరలను కోసినవి కోసినట్టే గోడకు నిలబెట్టారు. ఊరి పెద్దాయన ఒకరు పక్కనే నిలబడి చెబుతుంటే మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునే వింది. దీనికి మంచి భవనం కట్టాలని బావమరిది వాదన. నేను ససేమిరా అన్నాను. నున్నటి కాంక్రీటులో పెడితే ఆ గోడ కూడా కళాకృతి అయిపోతుంది.

ముందే కబురు పెట్టకపోతే ఆ చెత్త గోడ ఉన్న కట్టడం తెరవరు. సైకిలు అద్దెకు దొరుకుతుంది, బ్యాటరీదే తీసుకోండి. సాయంత్రం పడవలో తకమత్సు నగరం చేరిపోతే వేడివేడి ఉడోన్ నూడుల్స్ దొరుకుతాయి.