1972 డాడ్జ్ డార్ట్‌తో పదేళ్లు: నా ఇష్టమంతా ఆ డిప్‌స్టిక్ మీదే

నేను రోజూ ఆఫీసుకు వెళ్లే కారుకి ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) ఆయిల్ ఎంతుందో చూసుకునే కొలకడ్డీ, అదే డిప్‌స్టిక్, లేదు. సీలు చేసిన గేర్‌బాక్సు. ఆయిల్ ఎంతుందో తెలియాలంటే కారుని లిఫ్టు ఎక్కించాలి, లోపల వేడి ఎన్ని డిగ్రీలుందో మెషిన్ పెట్టి చూడాలి, ఆ తర్వాత ప్లగ్గు విప్పాలి. మా గరాజ్‌లో దాని పక్కనే ఉండే పాత ఆటోమేటిక్ డార్ట్‌కి బానెట్ ఎత్తితే చాలు. ఇంజన్ వెనకాల పొడుగాటి గొట్టం, అందులో డిప్‌స్టిక్. బయటికి లాగి, తెల్ల కాగితానికి తుడిస్తే గేర్‌బాక్సు ఆరోగ్యం అంతా కనిపిస్తుంది. ఎర్రగా ఉంటే బాగున్నట్టు. గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వస్తే లోపల క్లచ్‌లు కాలుతున్నట్టు. పాలు కలిపిన స్ట్రాబెర్రీ రసంలా ఉంటే రేడియేటర్‌లోంచి నీళ్లు చేరినట్టు.

ఇంజన్ గురించి, మైలేజీ గురించి రాయను. దీని స్లాంట్ సిక్స్ (పక్కకు వాలిన ఆరు సిలిండర్ల) ఇంజన్ ఎంత గట్టిదో ఈ కార్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లందరికీ తెలుసు. నేను డాడ్జ్ కొనడానికి చిన్నప్పటి కారణం ఒకటుంది. బొంబాయిలో ప్రీమియర్ వాళ్లు తయారుచేసిన ఫార్గో లారీ ఒకటి మా తాతగారి ఊళ్లో ధాన్యం తోలేది. డాడ్జ్, ఫార్గో ఒకే ఇంటివని పెద్దయ్యాక తెలిసింది.

ఇక అసలు విషయం. మేముండేది డెట్రాయిట్ దగ్గర. చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది పాత రేకుని తినేస్తుంది. అందుకని నవంబరులో కవర్ కప్పానంటే మళ్లీ ఏప్రిల్‌లోనే కారు బయటికి తీయడం. 2015 సెప్టెంబరులో కొన్నాను కాబట్టి 2016 ఏప్రిల్ నాకు మొదటి వసంతం. స్టార్ట్ చేసేముందు ఇంజన్ ఆయిల్ చూసినట్టే ట్రాన్స్‌మిషన్ డిప్‌స్టిక్ కూడా తీశాను. ఫుల్ గీత కంటే నాలుగు వేళ్లు పైన ఉంది. పాత ఓనరు ఎక్కువ పోసేశాడనుకున్నాను. ఆయిల్ మరీ ఎక్కువైతే లోపల తిరిగే భాగాలు దాన్ని చిలికి నురగ చేస్తాయని, నురగతో క్లచ్‌లకు ప్రెషర్ అందదని చదివి ఉన్నాను. చేతిపంపు తెచ్చి ఆ గొట్టంలోంచే క్వార్టున్నర, అంటే దాదాపు లీటరున్నర తోడేశాను.

స్టార్ట్ చేసి డ్రైవ్‌లో వేశాను. ఇంజన్ అరుస్తోంది గానీ కారు కదలడం లేదు. కింద నుంచి సన్నగా ఈల వేస్తున్నట్టు శబ్దం. కాసేపటికి ఒక్కసారిగా ముందుకు దూకి మళ్లీ జారిపోయింది. కొన్న ఏడు నెలలకే గేర్‌బాక్సు పోయిందని ఆ రోజు నాకు అన్నం సహించలేదు. ఒక ట్రాన్స్‌మిషన్ షాపుకి టో చేయించాను. నాలుగు రోజులు వాళ్ల దగ్గరే ఉంచుకున్నారు. చివరికి ఇంజన్ ఆన్ చేసి, పార్క్‌లో ఉంచి, డిప్‌స్టిక్ చూసి, ఆయిల్ సరిగ్గానే ఉంది, క్లచ్‌లు అరిగిపోయాయి, మొత్తం విప్పి కట్టాలి, రెండు వేల ఎనిమిది వందల డాలర్లవుతుంది అన్నారు. ఆలోచించుకుంటానని కారు ఇంటికి తెచ్చేసుకున్నాను.

మా పక్కింటాయన కార్ల ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దాయన. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు. "ఏ గేర్లో పెట్టి చూశారు?" పార్క్‌లో అన్నాను. తలూపి, పార్కింగ్ బ్రేకు గట్టిగా వేయించారు, చక్రాల కింద చెక్కలు పెట్టించారు, స్టార్ట్ చేయించి లివర్‌ని ఒక్కో గేర్‌లోకీ కాసేపు తిప్పించి న్యూట్రల్‌లో ఆపించారు. అప్పుడు డిప్‌స్టిక్ తీస్తే చివర మాత్రమే కాస్త తడి ఉంది. ఒక్కో పింటు (అర క్వార్టు) పోస్తూ, చూస్తూ, మళ్లీ పోస్తూ వచ్చాం. మూడు పింట్లు పట్టింది. నేను తోడేసింది సరిగ్గా అంతే. తర్వాత డ్రైవ్‌లో వేస్తే కారు ఏమీ జరగనట్టు మెత్తగా కదిలింది. ఆ గేర్‌బాక్సుని ఈరోజు వరకు విప్పలేదు.

సంగతేమిటంటే, డార్ట్‌లో ఉన్న ఆ కాలపు టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు పార్క్‌లో ఉన్నప్పుడు టార్క్ కన్వర్టర్‌కి, అంటే ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకి అందించే భాగానికి, ఆయిల్ పంపదు. న్యూట్రల్‌లో పంపుతుంది. కారు వారాల తరబడి నిలబడితే కన్వర్టర్‌లోని ఆయిల్ మెల్లగా కిందికి, గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పాన్‌లోకి దిగిపోతుంది. ఇంజన్ ఆపి చూస్తే అదంతా డిప్‌స్టిక్ మీద ఎక్కువగా కనిపిస్తుంది. పార్క్‌లో ఉంచి ఇంజన్ ఆన్ చేసి చూసినా కన్వర్టర్ నిండదు కాబట్టి తక్కువున్న ఆయిల్ కూడా సరిపోయినట్టే కనిపిస్తుంది. అదే కాలపు ఫోర్డ్, జీఎం కార్లలో చాలావాటిని పార్క్‌లోనే చూడాలి. అలవాటు అక్కడి నుంచే వస్తుంది. న్యూట్రల్ అని డార్ట్ మాన్యువల్‌లో స్పష్టంగానే ఉంది. అది నా గ్లోవ్‌బాక్సులోనే ఉంది, నేను తెరవలేదు.

ఇప్పుడైతే ఇరవై నిమిషాలు తిప్పి, ఆయిల్ బాగా వేడెక్కాక, చదునైన నేల మీద, న్యూట్రల్‌లో చూస్తాను. చల్లగా ఉన్నప్పుడు చూస్తే తక్కువ చూపిస్తుంది, అది నమ్మి పోస్తే వేడెక్కాక ఎక్కువైపోతుంది. డిప్‌స్టిక్ రెండు వైపులా వేర్వేరుగా తడిస్తే తక్కువున్న వైపే లెక్క. పీచు రాలే గుడ్డతో మాత్రం తుడవకండి, ఆ పీచు గేర్‌బాక్సులో ఆయిల్ దారులు నియంత్రించే వాల్వ్ బాడీలోకి వెళ్తే తర్వాత చాలా బాధపడాలి.

మొదట్లో స్నేహితులందరికీ "ఇంత సులువైన గేర్‌బాక్సు లేదు" అని చెప్పేవాడిని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. కన్వర్టర్ ఆయిల్ కిందికి దిగడం ఆగదు. పాన్ నిండినప్పుడు లివర్ షాఫ్టు దగ్గరున్న పాత సీలు దాటి ఆయిల్ నేల మీద కారుతుంది. నాలుగేళ్ల క్రితం సీలు మార్పించాక మడుగు పోయి చుక్కలు మిగిలాయి, కింద అట్టముక్క మాత్రం తీయలేదు. ప్రతి ఏప్రిల్‌లో ముందు న్యూట్రల్‌లో మూడు నాలుగు నిమిషాలు ఇంజన్ నడిపితేగానీ కదిలించను. పాన్‌కి డ్రెయిన్ ప్లగ్గు లేదు, ఆయిల్ మార్చాలంటే పాన్ మొత్తం దించాలి. ఆ రోజు చేతులు మోచేతుల దాకా ఎర్రగా అవుతాయి.

కొనమంటారా అని అడిగేవాళ్లకు నా పరిస్థితి చెప్పడం తప్ప ఇంకో జవాబు లేదు. ఆఫీసుకు వేరే కారుంది, వానా మంచూ తగలని గరాజ్ ఉంది, పక్కింట్లో ఆ పెద్దాయన ఉన్నారు. ఈ మూడిటిలో ఏ ఒక్కటి లేకపోయినా 2016లోనే డార్ట్‌ని అమ్మేసి ఉండేవాడిని.