వెల్డర్ ట్రేడ్ చేసి ఆరేళ్లు: ఆ ఓవెన్ మీద కోపం మాత్రం పోలేదు

ఐటీఐలో వెల్డర్ ఏడాది కోర్సు. సిలబస్, ఫీజు సంగతి ఎవరిని అడిగినా చెప్తారు, నేను రాయను. 2018లో విశాఖ దగ్గర ఒక ప్రైవేటు ఐటీఐలో చేరాను. అప్పటి నుంచి తిండి పెడుతున్నది ఆ సర్టిఫికెట్టే.

ముందు మంచి మాట. మా సార్ చెవి గొప్పది. మా వైపు వీపు పెట్టి నిలబడి, చప్పుడు వినే తప్పు పట్టేసేవారు. "ఒరే, ఆర్క్ పొడుగైంది, దించు" అని అటు తిరిగే అరిచేవారు. ఆర్క్ అంటే రాడ్డు కొనకీ ప్లేటుకీ మధ్య మండే మెరుపు. వేడి నూనెలో పోపు వేసినట్టు చిటపటమంటుంటే బీడ్, అంటే వెల్డు గీత, సరిగ్గా పడుతున్నట్టు. రెండు నెలలకి నాకూ ఆ చెవి కొంచెం వచ్చింది.

ఇక ఓవెన్. వర్క్‌షాపు మూలన బూడిదరంగు ఇనుప పెట్టె ఒకటి ఉండేది. అందులో హాజరు రిజిస్టర్లు, జాబ్ షీట్లు పెట్టేవారు. సముద్రం గాలికి కాగితాలు మెత్తబడకుండా ఉంటాయని అనుకున్నాం. అది వెల్డింగ్ రాడ్లు ఎండబెట్టే ఓవెన్ అని ఏడాదిలో ఒక్కరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. 7018 అనేది ఒక రకం రాడ్డు నంబరు; అందులో 70 అంటే బలం, 1 అంటే అన్ని పొజిషన్లకీ, 8 అంటే తక్కువ హైడ్రోజన్ అని కంఠస్థం చేసి పరీక్షలో మార్కులు తెచ్చుకున్నాం. హైడ్రోజన్ ఎక్కడి నుంచి వస్తుందో మాత్రం ఎవరికీ తెలియదు.

కోర్సు అయ్యాక ఓడల పని చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర టెస్టుకి వెళ్లాను. 12 ఎంఎం ప్లేటు, 3జీ, అంటే నిలువు జాయింటు. మిగతావాళ్లు అటు వెళ్లి చిన్న డబ్బాల్లో వేడి రాడ్లు తెచ్చుకుంటుంటే, నేను బల్ల మీద ముందు రోజు నుంచి విప్పి ఉన్న ప్యాకెట్లోంచి తీసుకున్నాను. పైకి బీడ్ అందంగానే వచ్చింది. లోలోపల ఉబ్బిపోయాను కూడా. ఎక్స్‌రే ఫిల్మ్ చూస్తే నల్ల నువ్వులు చల్లినట్టు చుక్కలు, అంటే వెల్డు లోపల బుడగల గుంటలు.

ఇన్‌స్పెక్టరు "తమ్ముడూ, రాడ్లు ఎక్కడివి?" అన్నాడు. ప్యాకెట్లోవి అన్నాను. ఆయన తిట్టలేదు. ఓవెన్ దగ్గరికి తీసుకెళ్లి తలుపు తీశాడు. మా రిజిస్టర్ల పెట్టె లాంటిదే! 7018 పూత గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఆ తేమే వెల్డులోకి హైడ్రోజన్‌గా పోతుంది, అందుకే 300 డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చి, ఆ తర్వాత వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటీ తీసి వాడాలి అని చెప్పాడు. ఏడాది పాఠం పది నిమిషాల్లో అయిపోయింది. ఉద్యోగం మాత్రం రాలేదు.

ఇందాక సార్ చెవి గురించి గొప్పగా రాశాను. అది నిజమే, కానీ అదంతా పాత ట్రాన్స్‌ఫార్మర్ వెల్డింగ్ మెషీన్ల మీద 6013 అనే మామూలు రాడ్డు చప్పుడు. 7018కి ఆర్క్ ఇంకా దగ్గరగా పట్టాలి, ఆ చెవి అక్కడ సగమే పనికొచ్చింది. పైగా ఆరు క్యాబిన్లు, ఇరవై మందికి పైగా కుర్రాళ్లు. నిజానికి చేతికి హోల్డర్ (రాడ్డు పట్టే పిడి) దొరికింది రోజుకి గంట.

మూడు నెలలు ఆటోనగర్‌లో మా నాన్నకి తెలిసినవాళ్ల షెడ్డులో గేట్లు, గ్రిల్స్ వెల్డింగ్ చేస్తూ గడిపాను. అక్కడా అంతా 6013నే. తర్వాత అప్రెంటిస్‌గా చేరిన చోట 7018 నేర్చుకున్నాను. ఇప్పుడు పైపుల మీద 6జీ టెస్టులు, అంటే పైపుని ఏటవాలుగా బిగించి చేసేవి, కొడుతున్నాను.

మరి చేరమంటానా? ఇల్లు దగ్గర కాబట్టి నాకు హాస్టల్ ఖర్చు లేదు, ఖాళీగా ఉన్న నెలల్లో నాన్న షెడ్డు చూపించాడు. ఊరి నుంచి వచ్చి అద్దెకుండేవాడికి ఇదే కోర్సు ఇలాగే కలిసొస్తుందని చెప్పలేను. చేరాలనుకుంటే ముందు వర్క్‌షాపు చూపించమనండి. మూలన పెట్టె ఉంటే తలుపు తీసి చూడండి. లోపల రిజిస్టర్లుంటే మీ ఇష్టం.