నాన్నగారి పఫ్, నా రోటాహేలర్: మా ఇంట్లో వాడిన ఇన్‌హేలర్ల మీద రివ్యూ

మా ఇంట్లో ఇన్‌హేలర్లు వాడేది ఇద్దరం. నాకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం, నాన్నగారికి సీఓపీడీ, అంటే ఊపిరితిత్తులు మెల్లగా పాడై గాలి ఆడకుండా చేసే జబ్బు. ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యారు, బీడీలు మానేసి చాలా కాలమైంది గానీ ఊపిరితిత్తులు అప్పటికే దెబ్బతిన్నాయి. ఇద్దరికీ కలిపి నొక్కితే పఫ్ వచ్చే ఇన్‌హేలరూ, దానికి తగిలించుకునే స్పేసరూ, క్యాప్సూల్ వేసి పొడి పీల్చే రోటాహేలరూ అన్నీ ఇంట్లో నడిచాయి. డాక్టర్ రాసిన చీటీ పట్టుకుని కొనాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నా.

ముందే చెప్పేస్తున్నా, మందుతో నాకు ఏ పేచీ లేదు. నా కోపమంతా దాన్ని మన చేతిలో పెట్టి పంపించేసే తీరు మీద.

ఇన్‌హేలర్ అంటే చివరి స్టేజీలో వాడేదని, ఒకసారి మొదలెడితే మానలేమని మన దగ్గర గట్టి నమ్మకం. పెళ్ళి సంబంధం వస్తోందంటే ఆడపిల్ల ఇన్‌హేలర్‌ని బీరువాలో చీరల కింద దాచే ఇళ్ళు నాకు తెలుసు. కానీ లెక్క చూడండి. ఆయాసానికి ఇచ్చే సాల్బ్యుటమాల్ మాత్ర 2 మిల్లీగ్రాములో 4 మిల్లీగ్రాములో ఉంటుంది, అదే మందు ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు, అంటే చిన్న మాత్రలో ఇరవయ్యో వంతు. మాత్ర కడుపులోకి వెళ్ళి, రక్తంలో కలిసి, ఒళ్ళంతా తిరిగి చివరికి ఊపిరితిత్తులకి చేరాలి, అందుకే దాంతో చేతులు వణకడం, గుండె దడ ఎక్కువ. పఫ్ నేరుగా చేరాల్సిన చోటికే చేరి కొద్ది నిమిషాల్లో గాలి ఆడేలా చేస్తుంది. ఇంత చిన్న డోసుకి ఇంత భయపడి, మాత్రలు మాత్రం నెలల తరబడి మింగడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

ఇక పఫ్ సంగతి. నాన్నగారికి మొదట చూపించిన ఆసుపత్రిలో ఊది చూసే పరీక్ష చేశారు, రిపోర్టు చూశారు, ఇన్‌హేలర్ రాశారు, అంతే. ఎలా పీల్చాలో ఒక్కరూ చూపించలేదు. పెట్టెలో ఉన్న కాగితం చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. ఆయనకి కీళ్ళ నొప్పులు, బొటనవేలు వంగదు, రెండు చేతులతో పట్టుకుని బలంగా నొక్కేసరికి పీల్చడం ఆలస్యమయ్యేది. నొక్కిన మరుక్షణం పెదాల పక్కనుంచి తెల్లటి పొగ బయటికి వచ్చేసేది. ఆ పొగే అసలు మందు! అది కనిపించిందంటే ఆ పఫ్ లోపలికి పోలేదనే. ఆయనేమో "ఇది పనికిరాదమ్మా, మాత్రలే నయం" అనేవారు.

మార్చింది గుంటూరు కొత్తపేటలో ఒక మందుల షాపు కుర్రాడు. రీఫిల్ అడిగితే డబ్బా చేతికివ్వకుండా "బాబాయ్ గారూ, ఒకసారి ఎలా పీలుస్తారో చూపించండి" అన్నాడు. చూసి, ఖాళీ ఇన్‌హేలర్ ఒకటి తీసి తనే చేసి చూపించాడు. బాగా ఊపాలి. ముందు ఊపిరి మొత్తం బయటికి వదిలెయ్యాలి. పెదాలు బిగించి, మెల్లగా పీల్చడం మొదలుపెట్టగానే నొక్కాలి, నొక్కాక కూడా పీలుస్తూనే ఉండాలి. తర్వాత పది అంకెలు లెక్కపెట్టేదాకా ఊపిరి బిగబట్టాలి. రెండో పఫ్‌కి అర నిమిషమో నిమిషమో ఆగాలి. ఇవన్నీ చెప్పి, నాన్నగారి వేళ్ళు చూసి, "డాక్టర్ గారిని అడిగి స్పేసర్ రాయించుకోండి" అన్నాడు. కౌంటర్ దగ్గర జనం ఉన్నా విసుక్కోలేదు.

స్పేసర్ వచ్చాక కథ మారింది. అదొక ప్లాస్టిక్ గొట్టం, ఒక చివర ఇన్‌హేలర్, ఇంకో చివర మన నోరు. నొక్కిన మందు ఆ గొట్టంలో కాసేపు నిలబడుతుంది కాబట్టి నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాల్సిన పని లేదు. ఆయాసంలో ఉన్నప్పుడు ఒక పఫ్ నొక్కి, మామూలుగానే నాలుగైదు సార్లు పీల్చి వదిలినా సరిపోతుంది. నాన్నగారు ఇప్పుడు కుర్చీలో నిటారుగా కూర్చుని, అమ్మ నొక్కుతుంటే నిదానంగా పీలుస్తారు. గొంతులో మందు పేరుకోవడం కూడా బాగా తగ్గుతుంది. ఆయాసం వచ్చిన ప్రతిసారీ ఆటో ఎక్కి నెబులైజర్ (మందుని సన్నటి ఆవిరిలా మార్చి పీల్పించే యంత్రం) పెట్టించుకోవడానికి పరిగెత్తేవాళ్ళకి ఒక మాట, చాలామందికి ఆయాసం వచ్చినప్పుడు స్పేసర్‌తో సరైన డోసు పఫ్‌లు కూడా నెబులైజర్ అంత బాగానే పనిచేస్తాయి. అయితే మాట్లాడలేనంత ఆయాసం ఉన్నా, పెదాలు నీలంగా మారినా ఇంట్లో కూర్చోకండి, 108 చెయ్యండి. స్పేసర్‌లో నచ్చనిది ఒక్కటే, సైజు, జేబులో పట్టదు. కడిగేటప్పుడు గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క సబ్బు వేసి కడిగి గాలికి ఆరబెట్టాలి, గుడ్డతో తుడవకూడదు, తుడిస్తే మందు గోడలకి అంటుకుపోతుంది.

నేను వాడేది రోటాహేలర్. నాకిది ప్రాణం. చిన్నగా ఉంటుంది, గ్యాస్ లేదు, నొక్కడం లేదు. క్యాప్సూల్ పెట్టి కింది భాగం తిప్పితే అది రెండుగా విడిపోతుంది, నోట్లో పెట్టుకుని ఒక్కసారి గట్టిగా, లోతుగా లాగాలి. నాలిక మీద సన్నటి తీపి తగులుతుంది, అది మందుతో కలిపే లాక్టోజ్ అనే పాల చక్కెర. మూత తీసి చూస్తే పొడి మిగిలిందో లేదో కంటికి కనిపిస్తుంది, మిగిలితే ఇంకోసారి లాగొచ్చు. ఈ నమ్మకం పఫ్‌లో ఉండదు. కానీ ఇందులో బలమంతా మన ఊపిరిదే, గట్టిగా లాగలేని పెద్దవాళ్ళకీ, చిన్నపిల్లలకీ ఇది సరిపడదు. నాన్నగారికి ఇదే ఇచ్చి చూశాం, సగం పొడి అందులోనే ఉండిపోయేది. క్యాప్సూల్ ముక్క నోట్లోకి వస్తే కంగారు పడకండి, అది కరిగిపోయే జెలటినే. క్యాప్సూల్స్‌కి చెమ్మ పడదు, వానాకాలంలో సీసా మూత గట్టిగా బిగించాలి, ముందే పరికరంలో పెట్టి ఉంచకూడదు.

అందరూ తేడాగా మార్కులు వేసేది ఎక్కడంటే, నీలం రంగు సాల్బ్యుటమాల్‌కి పదికి పది వేస్తారు, రోజూ రెండు పూటలా వాడమన్న బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన దానికి "ఏమీ తేడా తెలీలేదు" అని రెండో మూడో వేస్తారు. నీలంది మూసుకుపోయిన ఊపిరి గొట్టాల్ని అప్పటికప్పుడు తెరుస్తుంది, లోపలి వాపు మాత్రం అలాగే ఉంటుంది. ఆ వాపుని తగ్గించేది స్టెరాయిడ్ ఉన్న రెండోదే, అది రోజులు, వారాల మీద పనిచేస్తుంది. ఆస్తమా వైద్యానికి ప్రపంచమంతా చూసే గినా మార్గదర్శకాలు 2019 నుంచీ పెద్దవాళ్ళు ఒక్క సాల్బ్యుటమాల్ మీదే ఆధారపడొద్దని గట్టిగా చెబుతున్నాయి. నీలం డబ్బా తొందర తొందరగా అయిపోతోందంటే సంతోషించాల్సింది ఏమీ లేదు, వెంటనే డాక్టర్‌ని కలవాలి. నాకు కంట్రోలర్, అంటే ఆ రోజూ వాడే రెండోది, నిజంగా పనిచేసిందని తెలిసింది ఫిబ్రవరి తర్వాత యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) పోటెత్తే రోజుల్లో, ఆ వైపు బస్సులో వెళ్ళినా ఘాటుకి ఛాతీ పట్టెయ్యలేదు, రాత్రిళ్ళు పిల్లికూతలు లేకుండా నిద్ర పట్టింది. సీఓపీడీలో అంత మార్పు రాదు, పాడైన ఊపిరితిత్తి తిరిగి రాదు. నాన్నగారు ఇప్పుడు మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళగలుగుతున్నారు, మాకది చాలు.

స్టెరాయిడ్ ఉన్న ఏ ఇన్‌హేలర్ పీల్చినా నోరు పుక్కిలించి ఉమ్మెయ్యాలి. లేకపోతే నాలిక మీద తెల్లపూత, గొంతు బొంగురు. దీన్ని బద్ధకించి, తర్వాత మందుని తిట్టేవాళ్ళు చాలామంది.

మృగశిర కార్తెకి హైదరాబాద్ చేప మందుకి వెళ్దామని మా బంధువులు ఏటా పిలుస్తారు. వెళ్ళేవాళ్ళ నమ్మకం వాళ్ళది, ఇన్‌హేలర్ మాత్రం బ్యాగులో ఉండాలి, ఆపకూడదు.

కొనేటప్పుడు వీలైతే డోసు కౌంటర్ ఉన్నదే అడగండి. కౌంటర్ లేని డబ్బాలో మందు అయిపోయినా గ్యాస్ ఉంటుంది, నొక్కితే స్ స్ మంటూనే ఉంటుంది, ఊపి చూస్తే తెలీదు. అందుకే 120 డోసుల డబ్బా, పూటకి రెండు పఫ్‌ల చొప్పున రెండు పూటలా వాడితే సరిగ్గా 30 రోజులు అని లెక్కేసుకుని, మొదలుపెట్టిన తేదీ మార్కర్‌తో డబ్బా మీద రాస్తాం. బెజవాడ ఎండల్లో బండి డిక్కీలో, కారు డాష్‌బోర్డు మీద పెట్టొద్దు, అది ఒత్తిడితో ఉండే గ్యాస్ డబ్బా. ఖర్చు దగ్గరికొస్తే, ఈ మందుల్లో చాలావరకు అత్యావశ్యక మందుల జాబితాలో ఉండి ధరల నియంత్రణ కిందికి వస్తాయి, అయినా నెలనెలా కొనాలంటే పెన్షన్ ఇంట్లో భారమే. జనరిక్‌కి మారాలనుకుంటే పేరుతో పాటు పరికరం కూడా మారుతోందేమో చూసుకోండి, మారితే షాపులోనే నిలబడి ఎలా వాడాలో చేయించి చూపించమనండి. చూపించడం కుదరదంటే పక్క షాపుకి వెళ్ళండి, కొత్తపేటలో మందుల షాపులకి కొదవ లేదు.