కొండమీద వానకు ఏది మేలు: పాంచోనా, రెయిన్ జాకెట్టా?

కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల మనవాళ్ళు చాలామంది ముందు దేవమాలి, మహేంద్రగిరి ఎక్కి, ఆ ధైర్యంతో హిమాలయ ట్రెక్‌కు పేరు రాయించుకుంటారు. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు, ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ దాదాపు 3,800. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఒక్క ఎత్తు లెక్కలోనే 13, 14 డిగ్రీల తేడా. దేవమాలి మీద తడిస్తే వణుకుతూ దిగి సిమిలిగుడలో వేడి టీ తాగొచ్చు. హిమాలయాల్లో మాత్రం ఆ తడితోనే టెంటులో రాత్రి గడపాలి.

పాంచో మన పొలాల్లో నాట్ల వేళ వేసుకునే గిడుగు లాంటిదే. పైన కప్పు, కింద ఖాళీ. గాలి ఆడుతుంది కనుక చెమట పట్టదు, వీపున ఉన్న బ్యాగును కూడా కప్పేస్తుంది. చినుకు పడగానే అర నిమిషంలో తలమీంచి వేసుకోవచ్చు. అడవిలో, చెట్ల మధ్య వాన నిట్టనిలువుగా పడేచోట దీన్ని మించింది లేదు.

చిక్కు చెట్లు అయిపోయాకే మొదలవుతుంది. కొండ గట్టుమీద గాలి పాంచోను తెరచాపలా ఎత్తేస్తుంది, వాన పక్కనుంచి కొడుతుంది, మోకాళ్ళ కింద అంతా తడిసిపోతుంది. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం: ముందు వేలాడే అంచు పాదాన్ని కనపడనివ్వదు, రాయిమీద అడుగు తప్పుతుంది. నడుముకు తాడు కట్టుకుంటే కొంత నయం, అంతే.

జాకెట్టు గాలినీ వాననూ రెండింటినీ ఆపుతుంది. కొనేటప్పుడు మూడు చూడండి: కుట్ల లోపలివైపు టేపు అతికించి ఉండాలి, చంకల కింద జిప్పులుండాలి, టోపీ తలతోపాటు తిరగాలి. నీటిని ఆపే శక్తి 10,000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే మామూలు ట్రెక్‌కు చాలు. సైజు ఒకటి పెద్దది తీసుకోండి, లోపల ఫ్లీసు (మెత్తటి వెచ్చని పైచొక్కా) పట్టాలి.

జాకెట్టు కారుతోందని చాలామంది పారేస్తారు. నిజానికి అది చాలాసార్లు చెమటే. తడి కుట్ల వెంట, భుజాల మీద గీతలా ఉంటే కారుతున్నట్టు. వీపంతా, చంకలంతా చెమ్మగా ఉంటే జిప్పులు తెరవకుండా నడిచినట్టు. బయలుదేరడానికి వారం ముందే జాకెట్టు వేసుకుని, బ్యాగు తగిలించుకుని పది నిమిషాలు షవర్ కింద నిలబడండి. బ్యాగు పట్టీలు ఒత్తేచోటే నీళ్ళు ముందు దిగుతాయి.

మా తీర్పు ఇది: మే, జూన్, సెప్టెంబరు నెలల్లో అడవి దారే ఎక్కువైతే పాంచో, గట్లు, కనుమలు దాటాల్సి ఉంటే జాకెట్టుతోపాటు వాన ప్యాంటు. డబ్బు ఒక్కదానికే ఉంటే జాకెట్టే కొనండి. గొడుగు బేస్ క్యాంపు దాకానే.

శీతాకాలం మంచు చూసి భయపడతారు గానీ, పొడి మంచు దులిపితే రాలిపోతుంది. సున్నాకు నాలుగైదు డిగ్రీల పైన గాలితో కలిసి పడే వానే ఒంటి వేడిని లాగేస్తుంది. అందుకే లోపల నూలు బనీను వద్దు. తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుంటుంది. పాలిస్టర్ లేదా ఉన్ని బనీను, దానిమీద ఫ్లీసు, పైన జాకెట్టు. ఈకల కోటు ఎంత వెచ్చనైనా తడిస్తే ముద్ద కడుతుంది, దాన్ని నడకలో వేయకుండా ఆగినప్పటికి దాచండి. ఎవరైనా వణుకుతూ మాట తడబడుతుంటే నడక ఆపించి, తడి బట్టలు విప్పి పొడివి తొడిగి, స్లీపింగ్ బ్యాగులో పెట్టాలి.

బ్యాగుకు బయట తొడిగే కవరును నమ్ముకోవద్దు, వీపువైపు అది కప్పదు. మందమైన పాలిథీన్ సంచిని బ్యాగు లోపలే పరచి, అందులో స్లీపింగ్ బ్యాగు, ఒక జత పొడి బట్టలు, రెండు జతల మేజోళ్ళు పెట్టి మూతి మెలిపెట్టి మడవండి. ఆ జత బట్టలు టెంటులో తప్ప బయటికి తీయకూడదు, పొద్దున్న తడివే మళ్ళీ వేసుకోవాల్సి వచ్చినా సరే.