పికప్ తొట్టికి జాకీ: మూడేళ్ళు, 160 లోడ్ల తర్వాత

పికప్ తొట్టిని ఎత్తి లోడు దించే జాకీ బిగించాక, మొదటి లోడు రోజు తొట్టి 45 డిగ్రీలు లేచి నిలబడింది. లోపలి చెక్క చిప్స్, అంటే చెట్లను తరిగిన పేళ్ళు, మాత్రం కదల్లేదు. అడుగున తడి ఆకులు, పైన పైన్ పుల్లలు, అన్నీ పెనవేసుకుని ముద్దలా అతుక్కుపోయాయి. నేను స్విచ్ పట్టుకుని కిందా మీదా చూస్తుంటే మా ఆవిడ కిటికీలోంచి, "ఏమండీ, పార తేనా?" అని అడిగింది. రెండు వేల డాలర్ల పైచిలుకు పోసి కొన్న సామాను పక్కన పెట్టి, ఆ సాయంత్రం మళ్ళీ చేత్తోనే లాగాను.

మాది నార్త్ కరోలినాలో, చాతం కౌంటీలో ఆరెకరాల నేల. అంతా ఎర్ర బంకమట్టి. వానపడితే జిగురు, ఎండితే ఇటుక. దాని మీద నాలుగైదు అంగుళాల మందాన చెక్క చిప్స్ పరిస్తే ఏడాది తిరిగేసరికి కింద వానపాములు కనిపిస్తాయి. గోంగూర, బీర, అంజూర మొక్కలకు అదే ఆధారం. చెట్లు కొట్టేవాళ్ళు చిప్స్ ఉచితంగానే ఇస్తారు. అయితే వాళ్ళ పెద్ద లారీ మా వెనక దారిలోకి వస్తే ఇరుసు దాకా కూరుకుపోతుంది. ఒకసారి అయ్యింది, లాగించడానికి అయిన ఖర్చు ఇప్పటికీ గుర్తుంది. అందుకని గేటు దగ్గర గుట్ట పోయించుకుని, అక్కణ్ణించి పికప్‌లో నేనే లోపలికి తోలుకుంటాను. క్యూబిక్ యార్డు (పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులు) చిప్స్ నాలుగంగుళాల మందాన పరిస్తే 80 చదరపు అడుగులకు సరిపోతుంది. ఎన్ని లోడ్లు కావాలో మీరే లెక్కేసుకోండి.

బండి 2006 షెవర్లే సిల్వరాడో 2500 పికప్, ఎనిమిదడుగుల తొట్టి. జాకీకి ముందు రెండేళ్ళు టార్పాలిన్ పద్ధతిలో లాక్కొచ్చాను. ఖాళీ తొట్టిలో టార్పాలిన్ పరిచి, దాని మీద లోడు నింపి, రెండు చివర్లకు తాడు కట్టి, ఆ తాడును చెట్టుకు బిగించి బండిని మెల్లగా ముందుకు పోనిస్తే లోడంతా టార్పాలిన్‌తో సహా వెనక్కి వచ్చేస్తుంది. అది మంచి పద్ధతే, ఇప్పటికీ అంటాను. ఏడాదికి ఇరవై ముప్ఫై లోడ్లు దాటనివాళ్ళు అక్కడే ఆగిపోవచ్చు. నాకు చిరాకు పుట్టింది టార్పాలిన్ మీద కాదు, దించాల్సిన ప్రతిచోటా చెట్టు ఉండకపోవడం మీద.

నేను వేయించింది తొట్టి కింద పెట్టే రకం. తొట్టి బోల్టులు విప్పి, వెనక ఛాసిస్‌కు (బండి ఇనుప చట్రానికి) కీళ్ళు, మధ్యలో కత్తెరలా విచ్చుకునే జాకీ, నూనె ఒత్తిడితో దాన్ని లేపే 12 వోల్టుల మోటారు పంపు. మన ఊళ్ళో ట్రాక్టర్ ట్రక్కుకు ఉండే ఏర్పాటే, చిన్న సైజులో. తొట్టిలోనే పెట్టుకునే రకం కూడా దొరుకుతుంది, అది తొట్టి లోతును తినేస్తుంది. చిప్స్ తేలికైన సరుకు, బరువు కంటే ముందు జాగా అయిపోతుంది. అందుకే అది వద్దనుకున్నాను.

బిగించడానికి రెండు శనివారాలు చాలన్నారు, ఆరు పట్టాయి. అందులో రెండు పోయింది పెట్రోలు గొట్టం దగ్గరే. ఇది ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. పెట్రోలు పోసే మూతి తొట్టి పక్క రేకుకు బిగించి ఉంటుంది, ట్యాంకు ఛాసిస్‌కు ఉంటుంది. తొట్టి లేస్తే గొట్టం తెగుతుంది. మూతిని తొట్టి నుంచి విడదీసి, ఛాసిస్‌కు బోల్టులతో బ్రాకెట్ వేసి దానికి నిలబెట్టాను. అక్కడ వెల్డింగ్ జోలికి పోకండి, ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. ఇప్పుడు పెట్రోలు పోయాలంటే చెయ్యి కాస్త లోపలికి పెట్టాలి, అలవాటైంది. వెనక బంపరు కూడా తీసేయాల్సి వచ్చింది. తొట్టి లేచేకొద్దీ దాని వెనక అంచు కిందికి దిగి బంపరుకు కొడుతుంది. వెనక లైట్ల వైర్లు పొడిగించుకోవాలి, నంబరు ప్లేటు లైటు జరపాలి. ఇవన్నీ పేపరు మీద అరగంట పనులు.

కరెంటు సంగతి. పంపు బరువు మీద ఉన్నప్పుడు 150 ఆంపియర్లకు పైనే లాగుతుంది. కిట్‌తో వచ్చిన కేబుల్ సన్నంగా ఉంది, మొదటి చలికాలంలో తొట్టి సగం లేచి మూలుగుతూ ఆగిపోయేది. లావు కేబుల్ వేసి, బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టి, ఇంజను నడుస్తుండగానే ఎత్తడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది. చలికి నూనె చిక్కబడి మెల్లగా లేవడం మాత్రం ఉంది.

ఇక అసలు తలనొప్పి. ఎత్తడం జాకీ పని, అది చేస్తుంది. చిప్స్ జారాలి కదా! పికప్ తొట్టిలో చక్రాల మీద గూడుల్లా రెండు పొంగులుంటాయి. చిప్స్ అక్కడ ఇరుక్కుని, ఒకదాని మీద ఒకటి ఆనుకుని, వంతెన కట్టేస్తాయి. కంకర ఇలా చెయ్యదు, ఇసుక చెయ్యదు. ఆ పొంగులు అడ్డు రాకుండా తొట్టి ముందు నుంచి వెనక దాకా నేరుగా ప్లైవుడ్ గోడలు నిలబెట్టాను. రెండు వైపులా కొంత జాగా పోయింది, పైన అడుగు ఎత్తు పలకలు వేసి ఆ లోటు పూడ్చాను. అడుగున తెల్లటి గట్టి ప్లాస్టిక్ షీటు వేశాను, కూరగాయలు తరిగే బోర్డుల రకమే. ఆ రోజు నుంచి పొడి చిప్స్ 35 డిగ్రీల దగ్గరే జారిపోతున్నాయి. తడివీ, ఆకు ఎక్కువున్నవీ ఇంకా మొండికేస్తాయి, కానీ వెనక ముద్దను ఫోర్కుతో రెండుసార్లు కదిపితే మిగతాది దానంతటదే వస్తుంది.

ఆ షీటుతో ఒక తప్పు చేశాను. చుట్టూ స్క్రూలు బిగించాను. జులై ఎండకు ఎనిమిదడుగుల షీటు అర అంగుళం దాకా సాగి అప్పడంలా పొంగింది. ఇప్పుడు ముందు అంచుకు మాత్రమే బిగించి, మిగతాది వదిలేశాను.

ఇంకో తప్పు మా నాన్న ఖాతాలో రాయాలి. రెండేళ్ళ కిందట ఖమ్మం నుంచి వచ్చినప్పుడు చూసి, "ట్రాక్టరోళ్ళు బ్రేకు కొట్టి కుదుపుతారు గదరా, నువ్వూ కొట్టు, ఊడి పడుద్ది" అన్నారు. "నాన్నా, ఇది అంత మొరటు బండి కాదు" అన్నాను గానీ, ఆయన వెళ్ళాక ఒక మొండి లోడుకు అదే చేశాను. లోడు ఊడింది, కుడి కీలు పిన్ను వంగింది. ఇప్పుడు గుట్ట పెరిగి దారికి అడ్డు పడితే, బండిని రెండు మూడడుగులు నడక వేగంతో ముందుకు తీస్తాను, అంతే.

బరువు విషయంలో మోసపోకండి. పచ్చి చిప్స్ క్యూబిక్ యార్డుకు 500 నుంచి 800 పౌండ్ల దాకా తూగుతాయి, వానలో నానితే ఇంకా ఎక్కువ. నా తొట్టికి పలకలతో నాలుగు యార్డుల దాకా పడతాయి. జాకీ 4,000 పౌండ్లు ఎత్తుతుందని రాసి ఉంది, నిజమే కావచ్చు, ఎత్తడం వేరు మోయడం వేరు. బండి ఎంత మోయగలదో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం చెబుతుంది, అందులోంచి జాకీ బరువు, పలకల బరువు తీసేయాలి. వాన తర్వాత నేను మూడు యార్డులకే ఆపేస్తాను. చలికాలంలో తడి లోడు రాత్రంతా తొట్టిలో వదిలేస్తే అడుగు గడ్డకట్టి పొద్దునకు ఇనుములా ఉంటుంది, అది ఒక్కసారే చేశాను.

లేచిన తొట్టి కింద తల పెట్టాల్సి వస్తే ఇనుప ఊతకర్ర ఆనించాకే. జాకీ నూనె పైపు పగిలితే తొట్టి పడటానికి క్షణం చాలు. నాది కిట్‌తో రాలేదు, వెల్డింగ్ షాపులో చేయించాను. కరెంటు తీగల కింద, పక్కకు ఒరిగిన నేల మీద ఎత్తకండి.

మొత్తం కలిపి 3,400 డాలర్లు అయ్యింది, నా శనివారాలు వదిలేసి. లోడుకు నలభై నిమిషాలు పట్టే దించుడు ఇప్పుడు ఐదారు నిమిషాలు. అదే డబ్బుకు మరికొంత కలిపితే వాడిన డంప్ ట్రైలర్ (తొట్టి లేచి లోడు దించే ట్రైలర్) వచ్చేది, మా వెనక దారిలో ట్రైలర్ వెనక్కి తిప్పడం నా వల్ల కాదు కాబట్టి ఇది చేశాను. తిప్పుకునే చోటున్నవాళ్ళకు ట్రైలరే చెబుతాను, బండి తొట్టికి కన్నాలు పెట్టుకునే పని తప్పుతుంది. కుడి కీలు పిన్ను కొత్తది వేశాను, ఎడమది ఇంకా పాతదే, లేచేటప్పుడు కిర్రుమంటోంది. గోంగూర విత్తేలోపు మార్చాలి.